పిల్లికి ఎకో తీశారు సరే, ఏ మత్తు ఇచ్చారో రిపోర్టులో ఎందుకు రాయరు?

మా జున్నుగాడి గుండె గోడ మందం మొదటి ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టులో 6.3 మిల్లీమీటర్లు. మూడు వారాల తర్వాత తీసిన రెండో రిపోర్టులో 5.1. ఒకే పిల్లి, ఒకే ఊరు, రెండు క్లినిక్‌లు. మొదటి కాగితం ప్రకారం వాడికి గుండె జబ్బు ఉంది, బతికినంత కాలం మాత్రలు వేయాలి. రెండో కాగితం ప్రకారం ఇప్పుడే ఏమీ తేల్చలేం, ఆరు నెలలు ఆగి మళ్లీ చూడాలి. ఈ రెంటి మధ్య అసలేం జరిగిందో తెలుసుకోవడానికి నేను చాలా రాత్రులు కూర్చుని చదివాను, ఇద్దరు ముగ్గురు డాక్టర్లను విసిగించాను. చివరికి నాకు పట్టుకున్న బాధ ఒక్కటే: మొదటి రిపోర్టులో ఎక్కడా, ఒక్క మాట కూడా, వాడికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారని లేదు.

మొదలైంది మామూలు రేబీస్ టీకా దగ్గర. జున్ను ఏడేళ్లవాడు, పర్షియన్ కలిసిన మిశ్రమ జాతి, రంగు అచ్చం జున్ను రంగే. స్టెత్ పెట్టిన డాక్టర్ గారు కాసేపు విని, వాడు గుర్రుగుర్రుమంటుంటే గుండె చప్పుడు సరిగ్గా వినపడక, పక్కనున్న కుళాయి తిప్పారు. నీళ్ల చప్పుడుకి వాడు గుర్రు ఆపేశాడు. (ఈ చిట్కా చాలామంది పశువైద్యులు వాడతారట, నాకు అప్పుడే తెలిసింది.) మళ్లీ విని, "మర్మర్ ఉందండీ, ఒకసారి టూడీ ఎకో తీయించండి" అన్నారు. మర్మర్ అంటే గుండె చప్పుడుతో పాటు వినపడే అదనపు శబ్దం. పిల్లుల్లో మర్మర్ వినపడినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, భయపడి గుండె వేగంగా కొట్టుకున్నప్పుడు మాత్రమే వచ్చే మర్మర్లు చాలా ఉంటాయి, అలాగే మర్మర్ అసలు లేకుండానే గుండె జబ్బు ముదిరిన పిల్లులూ ఉంటాయి. అందుకే ఎకో. అక్కడిదాకా ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనదే.

ఎకో కోసం వేరే క్లినిక్‌కి వెళ్లాం. హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఆటోలో గంటకు పైగా, మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్, హారన్లు, బుట్టలో వాడి అరుపు. మత్తు అవసరం పడొచ్చని ముందురోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దన్నారు. నేను అమాయకంగా నీళ్ల గిన్నె కూడా తీసేశాను. వెయిటింగ్ హాల్లో మా పక్కనే రెండు లాబ్రడార్లు. మా వంతు వచ్చేసరికి పదకొండున్నర అయింది, వాడు నీళ్లు తాగి పన్నెండు గంటలు దాటింది. లోపలికి తీసుకెళ్లారు, నన్ను బయటే ఉండమన్నారు. ఇరవై నిమిషాల తర్వాత వాడు కళ్లు తెరుచుకునే ఉండి, కదలకుండా, నాలుక కొంచెం బయటపెట్టి వచ్చాడు. ఆ చూపు చూసి నాకు కాళ్లు ఆడలేదు. "కోఆపరేట్ చేయలేదు మేడమ్, చిన్న ఇంజెక్షన్ ఇచ్చాం" అన్నాడు అక్కడ పనిచేసే అబ్బాయి. ఆ చిన్న ఇంజెక్షన్ కెటమైన్, డయాజెపామ్ కలిపినదని నాలుగు రోజుల తర్వాత నేను ఫోన్ చేసి గట్టిగా అడిగితే చెప్పారు.

ఇక్కడ కొంచెం గుండె సంగతి మాట్లాడుకోవాలి. పిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుండె జబ్బు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, పొట్టిగా హెచ్‌సీఎం. ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ మందమైపోతుంది, లోపలి గది బిగుసుకుపోతుంది, రక్తం నింపుకోవడం కష్టమవుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లుల్లో కూడా సుమారు 15 శాతానికి ఇది ఉండొచ్చని 2020లో అమెరికా పశువైద్య నిపుణుల సంఘం తరఫున వచ్చిన మార్గదర్శకం చెబుతోంది. చాలా పిల్లులు ఏ ఇబ్బందీ లేకుండా జీవితం గడిపేస్తాయి. కొన్నిటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కొన్నిటికి ఎడమ కర్ణికలో (పై గదిలో) గడ్డకట్టిన రక్తం జారి వెనక కాళ్లకు వెళ్లే రక్తనాళానికి అడ్డం పడుతుంది. నిన్నటిదాకా గోడలెక్కిన పిల్లి ఒక్కసారిగా వెనక కాళ్లు ఈడ్చుకుంటూ అరుస్తుంటే, బాల్కనీ నుంచి పడిందనో, ఎవరో కొట్టారనో అనుకునే ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఇంత తీవ్రమైన జబ్బు కాబట్టే ఎకో విలువైనది. ఎకో విలువైనది కాబట్టే దాన్ని ఏ పరిస్థితిలో తీశారో రాయాలంటున్నాను.

జబ్బు అని తేల్చే గీత ఎంత సన్ననిదో చూడండి. గుండె పూర్తిగా నిండిన క్షణంలో, అంటే డయాస్టోల్ చివర, గోడ మందం కొలుస్తారు. 5 మిల్లీమీటర్ల లోపుంటే చాలా పిల్లులకు మామూలే. 6, ఆపైన ఉంటే హెచ్‌సీఎం వైపు. 5కీ 6కీ మధ్యన ఉంటే అటూ ఇటూ చెప్పలేని ప్రాంతం, పిల్లి సైజు, వంశం, మిగతా కొలతలు చూసి నిర్ణయించాలి. మన ఏటీఎం కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. ఒకటిన్నర కార్డు మందం తేడాతో మా వాడు జబ్బు మనిషైపోయాడు. అదీ నిమిషానికి రెండొందల సార్లు కొట్టుకునే, నిమ్మకాయంత కూడా లేని గుండెలో కొలిచిన కొలత!

హోలీకి పిల్లలు నీళ్లు నింపే బెలూన్లు గుర్తు తెచ్చుకోండి. నిండుగా నింపితే రబ్బరు పల్చబడి అవతలి చెయ్యి కనిపిస్తుంది, సగం నింపితే రబ్బరు మందంగా ముడతలతో ఉంటుంది. రబ్బరు అదే. గుండె గోడకూ ఇంచుమించు ఇదే వర్తిస్తుంది. ఒంట్లో నీరు తగ్గిన పిల్లికి గుండెలోకి వచ్చే రక్తం తగ్గి గది చిన్నదవుతుంది, గోడ మందంగా కనిపిస్తుంది. దీనికి వైద్యంలో పేరు కూడా ఉంది, సూడో హైపర్‌ట్రోఫీ, అంటే ఉత్తుత్తి మందం. గుండె మరీ వేగంగా కొట్టుకుంటే నిండడానికి టైం చాలదు, అప్పుడూ అంతే. ఇప్పుడు కెటమైన్ సంగతి చూడండి. అది సింపథెటిక్ నాడీ వ్యవస్థను రెచ్చగొట్టే మందు, గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది. పన్నెండు గంటలు నీళ్లు లేని, కుక్కల మధ్య గంటసేపు వణికిన పిల్లికి ఆ మందు పడితే గుండె ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ రోజు వాడి గుండె వేగం 236. అది కూడా రిపోర్టులో టైప్ చేసి లేదు, ఎకో బొమ్మ మూలన చిన్న అక్షరాల్లో ఉంటే నేను ఫోన్‌లో జూమ్ చేసి చూశాను.

హెచ్‌సీఎం అనుమానం ఉన్న పిల్లికి కెటమైన్ వద్దని అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ జబ్బులో మైట్రల్ కవాటం రేకు ఒకటి, గుండె ముడుచుకునేటప్పుడు ముందుకు లాగబడి రక్తం బయటికి పోయే దారికి అడ్డం వస్తుంది. దీన్ని డాక్టర్లు 'సామ్' అంటారు. గుండె ఎంత గట్టిగా, ఎంత వేగంగా కొట్టుకుంటే ఈ అడ్డంకి అంత పెరుగుతుంది. అంటే ఆ మందు బొమ్మనొక్కటే మార్చి ఊరుకోదు, పిల్లికే హాని చేసే అవకాశం ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో పనిచేసే మందులూ ఉన్నాయి. జైలజిన్, మెడిటోమిడిన్, డెక్స్‌మెడిటోమిడిన్ ఒకే కుటుంబం. ఇవి పిల్లిని చక్కగా పడుకోబెడతాయి, పని సులువు. కానీ రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం బాగా పడిపోతుంది, గుండె నుంచి బయటికి వెళ్లే రక్తం తగ్గుతుంది. అప్పుడు ఎకోలో ఏం కనిపిస్తుంది? గుండె బలహీనంగా ముడుచుకుంటున్నట్టు, కవాటాలు కొంచెం కారుతున్నట్టు. బాగున్న పిల్లి కూడా నీరసించిన గుండెతో కనిపించొచ్చు. ఇంకా విచిత్రం, నిజంగా 'సామ్' ఉన్న పిల్లికి ఈ మందు ఇస్తే ఆ అడ్డంకి తగ్గిపోవచ్చు, పూర్తిగా మాయమవ్వచ్చు కూడా. మర్మర్ ఎందుకు వస్తోందో తెలుసుకుందామని వెళ్తే, ఆ మర్మర్‌కి కారణమైనదాన్నే మందు దాచేస్తుంది. ఎసిప్రోమజిన్‌ది ఇంకో దారి, అది రక్తనాళాలను వదులు చేసి బీపీ తగ్గిస్తుంది, అడ్డంకి ఉన్న గుండెకు అది మంచిది కాదు.

ఇదంతా చదివి "అయితే మత్తే వద్దు" అనేవాళ్లు ఉంటారు. మా పక్కింటి ఆంటీ అదే అంది, "నోరులేని జీవానికి మత్తేంటమ్మా, గట్టిగా పట్టుకుంటే సరిపోదూ" అని. ఆంటీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, గట్టిగా పట్టుకోవడం చాలాసార్లు మత్తుకంటే చెడ్డది. నలుగురు పట్టుకుని మెడ బిగించిన పిల్లి గుండె నిమిషానికి 240 కొట్టుకుంటుంది. గుండె నిండే తీరును చూపించే రెండు అలలు (E, A అని అంటారు) అంత వేగంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయి చదవడానికే రావు. పిల్లి నోరు తెరిచి ఎగశ్వాస మొదలుపెట్టిందంటే పరీక్ష అక్కడితో ఆపాలి, గుండె జబ్బున్న పిల్లికి ఆ టెన్షనే ప్రాణం మీదికి తేవచ్చు. కాబట్టి మత్తు తప్పేం కాదు. నిజానికి చాలా పిల్లులకు, చీకటి చేసిన గదిలో, పక్కకు తిప్పి మెల్లగా పడుకోబెట్టి, గోరువెచ్చని జెల్ రాసి, యజమానిని తల దగ్గర ఉండనిస్తే మత్తు లేకుండానే ఎకో అయిపోతుంది. మొదట ఆ ప్రయత్నం జరగాలి. కుదరకపోతే గుండెను తక్కువగా కదిలించే మందు ఎంచుకోవాలి. బ్యూటార్ఫనాల్ అలాంటిదే, గుండె మీద దాని ప్రభావం చాలా తక్కువ. మిడజోలామ్ కూడా గుండెకు మెత్తనిదే, కానీ దాన్ని ఒక్కదాన్నే ఇస్తే కొన్ని పిల్లులు నిద్రపోకపోగా ఇంకా రెచ్చిపోతాయి కాబట్టి ఇంకోదానితో కలిపి ఇస్తారు.

మా రెండో ఎకో అలా జరిగింది. ఈసారి డాక్టర్ మేడమ్ ముందే ఫోన్‌లో పావుగంట మాట్లాడారు. ఇంటి దగ్గరే గాబపెంటిన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి, కొంచెం తడి తిండిలో కలిపి, బయలుదేరడానికి రెండు గంటల ముందు పెట్టమన్నారు. నీళ్లు అస్సలు ఆపొద్దన్నారు. గాబపెంటిన్ మనుషులకు నరాల నొప్పికీ మూర్ఛకీ వాడే మందే, పిల్లుల్లో ప్రయాణం భయం, క్లినిక్ భయం తగ్గించడానికి బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది, ఎకో కొలతలను పెద్దగా మార్చదని కూడా. (ఒక్క మాట. దయచేసి ఇది చదివి మెడికల్ షాపుకి వెళ్లి మీ అంతట మీరు కొనకండి. కిడ్నీ జబ్బున్న పిల్లికి మోతాదు తగ్గించాలి, వయసును బట్టి, బరువును బట్టి మారుతుంది. మనుషుల మందులు పిల్లులకు ఎంత ప్రమాదమంటే, మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి.) వాడు కొంచెం తూలుతూ, మత్తుగా, కానీ నన్ను గుర్తుపడుతూ వచ్చాడు. గదిలో లైటు తీసేశారు. నేను వాడి చెవుల వెనక నిమురుతూ నిలబడ్డాను. గుండె వేగం 178. కొలత 5.1. ఎడమ కర్ణిక మామూలుగా ఉంది. 'సామ్' కొంచెం ఉంది, మర్మర్ దానివల్లే.

ఆ రిపోర్టులో అన్నిటికంటే పైన, వాడి పేరు కింద, మేడమ్ రాసిన లైను నాకు కంఠతా వచ్చు: గాబపెంటిన్ 100 మి.గ్రా., నోటి ద్వారా, ఉదయం 8:40, ఎకో 10:55, గుండె వేగం 178, బీపీ కూడా ఈ మందు ప్రభావంలో ఉండగా తీసినదే. అంతే. రాయడానికి అర నిమిషం పట్టి ఉంటుంది.

నిజాయితీగా ఒకటి చెప్పాలి. కెటమైన్ వల్లే 1.2 మిల్లీమీటర్లు పెరిగిందని నేను అనడం లేదు, అనలేను. మెషీన్ వేరు, కొలిచిన చెయ్యి వేరు, ఆ రోజు నీళ్లు లేవు, భయం ఉంది, ఇన్నిటిలో దేని వాటా ఎంతో ఎవరూ విడదీయలేరు. గోడకు ఆనుకుని ఉండే పాపిలరీ కండరాన్ని పొరపాటున కలిపి కొలిచినా తేడా వస్తుంది. రెండో కొలతే నిజమని కూడా అనను, గాబపెంటిన్ కూడా మందే, దాని ప్రభావం అసలు లేదనలేం. అయితే రెండో రిపోర్టు ఏ పరిస్థితిలో తీశారో నాకు తెలుసు, రేపు ఇంకో డాక్టర్ చూసినా తెలుస్తుంది, ఆరు నెలల తర్వాత అదే పరిస్థితిలో మళ్లీ తీసి పోల్చుకోవచ్చు. మొదటిదాన్ని దేనితోనూ పోల్చలేం.

మన ఇళ్లలో షుగర్ పరీక్ష చేయించుకోని మనిషి లేడు కదా. గల్లీ చివర ఉన్న చిన్న ల్యాబ్ కూడా పరగడుపున తీసిందా, తిన్న రెండు గంటలకు తీసిందా అని రాయకుండా కాగితం చేతికివ్వదు. 150 అనే అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే మా అమ్మ కూడా "ఫాస్టింగా, పోస్ట్ లంచా" అని అడుగుతుంది. అమ్మ డాక్టర్ కాదు, పదో తరగతి చదివింది. మరి పిల్లి గుండె కొలతకు ఆ పాటి మర్యాద ఎందుకు లేదు?

డాక్టర్ల కష్టం నాకు తెలియంది కాదు. రోజుకు ముప్పై నలభై జంతువులు, ఒక్కో పిల్లికి పది నిమిషాలు, చేతుల నిండా గీతలు, తొందరపెట్టే యజమానులు, పైగా బిల్లు ఎక్కువైందని గొడవ. ఒక్క ఇంజెక్షన్‌తో పని అయిపోతే ఆ దారిలో వెళ్లడం మనిషి సహజం. కెటమైన్ చవక, చేతికి అలవాటైన మందు. కుక్కలకు, పిల్లులకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు అదే వాడతారు. అందుకే నేను ఆ క్లినిక్ పేరు చెప్పట్లేదు, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. నా కోపం ఆ రిపోర్టు ఫారం మీద. అందులో యజమాని ఫోన్ నంబరుకు గడి ఉంది, రిఫర్ చేసిన డాక్టర్ పేరుకు గడి ఉంది, మత్తు మందుకు గడి లేదు. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు మనది, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్న ఊరు. ఇక్కడ ఆ ఒక్క గడి ఫారంలో చేరితే, రాష్ట్రమంతా దాన్ని చూసి నేర్చుకుంటుంది. మందు పేరు, మోతాదు, ఇచ్చిన టైం, ఎకో తీసిన టైం, గుండె వేగం, పిల్లి ఎలా ఉంది, ప్రశాంతంగానా, పెనుగులాడుతూనా. నేను అడుగుతున్నది ఇంతే.

యజమానులుగా మనమూ అడగాలి. "మత్తు ఇస్తారా, ఇస్తే ఏది ఇస్తారు, రిపోర్టులో రాస్తారా" అని లోపలికి పంపకముందే, గొడవలా కాకుండా, మామూలుగా అడగండి. బీపీ కుదిరితే మందు ఇవ్వకముందే తీయమనండి, ఎందుకంటే ఈ మందుల్లో చాలావరకు బీపీని అటో ఇటో కదిలిస్తాయి, అదుపులో లేని బీపీ వల్ల కూడా గుండె గోడ మందమవుతుంది. వయసు పైబడిన పిల్లి అయితే థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి, థైరాయిడ్ ఎక్కువైనా గోడ మందంగానే కనిపిస్తుంది. హెచ్‌సీఎం అని ముద్ర వేయాలంటే ఇవన్నీ లేవని తేలాకే. మాకు మొదటిసారి ఇవేవీ చేయకుండానే అటెనొలాల్ అనే గుండె వేగం తగ్గించే మాత్రలు రాశారు. ఎడమ కర్ణిక పెరగని పిల్లులకు మామూలుగా ఏ మందూ అవసరం లేదని, అడ్డంకి తీవ్రంగా ఉంటే మాత్రం అటెనొలాల్ గురించి ఆలోచించవచ్చని అదే 2020 మార్గదర్శకంలో ఉంది. నేను ఆ మాత్రలు కొన్నాను గానీ, ఇంకొకరికి చూపించేదాకా మొదలుపెట్టలేదు. మీరూ అలా చేయమని చెప్పను. కొన్ని పిల్లులకు ఆ ఆలస్యం ప్రాణాపాయం, ఊపిరి ఎగబోస్తున్న పిల్లికి రెండో అభిప్రాయం కోసం ఆగకూడదు. మా వాడు తింటూ, ఆడుతూ ఉన్నాడు కాబట్టి, మాట్లాడిన డాక్టర్ కూడా ఆగొచ్చు అన్నారు కాబట్టి ఆగాను. ఆ మూడు వారాలూ నిద్ర లేదు. వాడు సోఫా మీద కొంచెం ఎక్కువసేపు పడుకున్నా లేచి చెయ్యి పెట్టి చూసేదాన్ని.

మళ్లీ ఎకో వచ్చే నెలలో. అదే గది, అదే మేడమ్, అదే మందు, అదే మోతాదు, పొద్దున అదే టైం కావాలని ఇప్పటికే అడిగి రాయించుకున్నాను. బుట్ట రెండు వారాలుగా హాల్లో తలుపు తీసి పెట్టాను, లోపల నా పాత చున్నీ వేస్తే ఇప్పుడు మధ్యాహ్నాలు అందులోనే పడుకుంటున్నాడు. రోజూ రాత్రి వాడు గాఢనిద్రలో ఉండగా ఊపిరి లెక్కపెట్టమన్నారు, నిమిషానికి 30 దాటి పోతూ ఉంటే వెంటనే ఫోన్ చేయమన్నారు. ఇందాకే లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాశాను, 22.